న్యూజెర్సీ పెరట్లో గోంగూర: విత్తనం నుంచి జాడీ దాకా

చలి దేశంలో గోంగూరేం పెరుగుతుందిలే అనుకుని, షాపులో వడిలిపోయిన కట్టలు కొనుక్కుని సరిపెట్టుకునే వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. గోంగూరకు కావలసింది నాలుగు నెలల గట్టి ఎండ. న్యూజెర్సీ వేసవిలో దానికి లోటు లేదు. పైగా ఒక్క విషయంలో గుంటూరు జిల్లా కన్నా ఇక్కడే నయం. గోంగూర పగటి పొద్దు తగ్గితే పూతకొచ్చే మొక్క. పగలు సుమారు 13 గంటల లోపుకు దిగిందంటే ఆకు మీద ధ్యాస తప్పి మొగ్గ తొడుగుతుంది. మన వైపు ఏడాదిలో అతి పెద్ద పగలే దాదాపు 13 గంటలు. అందుకే దసరా దాటేసరికి చేలగట్ల మీద గోగు పూసి, కాడ ముదిరిపోతుంది. ఇక్కడ జూన్ ఆఖరున పగలు 15 గంటలు. సెప్టెంబరు దాకా మొక్కకు పూయాలన్న ఆలోచనే రాదు, కోసిన కొద్దీ ఆకు వేస్తూనే ఉంటుంది.

కాబట్టి నా లెక్క ఇది: గోంగూరను ఒక్క వేసవి పంటగానే చూడండి. చలికాలం ఇంట్లో పెట్టి బతికించుకోవాలని తాపత్రయపడొద్దు. అక్టోబరు లోపల దాని దగ్గర ఎంత ఆకు ఉంటే అంతా తీసుకుని, ఏడాదికి సరిపడా దాచుకుని, మొక్కను వదిలేయండి.

విత్తనం

ఊరి నుంచి ఎవరో ఒకరు వస్తుంటారు. చీర మడతల మధ్య గుప్పెడు గింజలు పెట్టి పంపమని అమ్మకు చెప్పబుద్ధవుతుంది. వద్దు. అమెరికాలోకి విత్తనాలు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధృవపత్రం ఉండాలి. అది లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. చెప్పకుండా దాచి తెస్తే జరిమానా కూడా పడొచ్చు. పెద్దవాళ్ళను ఆ టెన్షన్‌లో పెట్టడం ఎందుకు? ఎడిసన్, ఐజెలిన్ వైపు ఇండియన్ షాపుల్లో వేసవి ముందు విత్తనాల పొట్లాలు పెడతారు. ఆన్‌లైన్‌లో అమెరికా లోపలి అమ్మకందార్ల దగ్గరా దొరుకుతాయి. పొట్లం మీద అంబాడీ అని ఉన్నా అది గోంగూరే. పుంటికూర అనే మన తెలంగాణ వాళ్ళూ అదే కొనొచ్చు.

ఎర్ర కాడదీ, పచ్చ కాడదీ రెండూ దొరికితే ఎర్రది తీసుకోండి. పులుపు ఎక్కువ, పచ్చడికి అదే బాగుంటుంది. పచ్చ కాడది పప్పులోకి మంచిది, తొందరగా ఎత్తు పెరుగుతుంది. ఒక్క చిక్కు: దాని ఆకులు వేళ్ళలా చీలి, దూరం నుంచి అచ్చం గంజాయి ఆకులా కనిపిస్తాయి. మా పక్కింటాయన కంచె దగ్గర నిలబడి చాలాసేపు చూసి, ‘ఇది ఏం మొక్క?’ అని మర్యాదగానే అడిగాడు. పచ్చడి రుచి చూపించాక మళ్ళీ అడగలేదు. మీ కాలనీలో అసోసియేషన్ నిబంధనలు గట్టిగా ఉంటే ఇంటి ముందు వైపు మాత్రం వేయకండి.

ఏప్రిల్ ఆఖరు నుంచి మే ఆఖరు దాకా

అమ్మమ్మ ఊరు తెనాలి దగ్గర. అంట్లు తోమిన నీళ్ళు పారే చోట గింజలు చల్లి, కాలితో నాలుగు సార్లు మట్టి కప్పి వెళ్ళిపోయేది. అంతే ఆవిడ సేద్యం. ఆ నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆ ధీమా చెల్లింది. ఇక్కడ మాత్రం నేల చల్లగా ఉన్నప్పుడు గింజ వేస్తే మొలవకుండానే కుళ్ళిపోతుంది. మట్టి 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు రావాలి.

అందుకే ఏప్రిల్ ఆఖరులో ఇంట్లోనే నారు పోసుకోండి. గింజలు రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి. అడుగున చిల్లు పెట్టిన లోతైన పేపరు కప్పుల్లో కుండీ మట్టి నింపి, కప్పుకు రెండు గింజల చొప్పున అర అంగుళం లోతున పెట్టండి. లోతైన కప్పు ఎందుకంటే గోంగూర మొదట తల్లివేరు కిందికి దింపుతుంది. వెడల్పు ట్రేల్లో పోస్తే నాటేటప్పుడు ఆ వేరు తెగుతుంది. మొలకెత్తేదాకా వెలుతురు అక్కర్లేదు, వేడి కావాలి. ఫ్రిజ్ నెత్తిన పెడితే చాలు. వారం లోపే మొలకలు వస్తాయి. వచ్చిన రోజే దక్షిణం వైపు కిటికీలోకి మార్చండి. ఒక్క రోజు ఆలస్యమైనా కాడలు పాలిపోయి సాగిపోతాయి.

ఇక్కడివాళ్ళు టమాటా నారు మదర్స్ డేకి, అంటే మే రెండో ఆదివారానికి నాటతారు. గోంగూరకు అది కూడా తొందరే. మెమోరియల్ డే, అంటే మే చివరి సోమవారం దాకా ఆగండి. ఆ ముందు వారం కప్పులను రోజూ కాసేపు బయట నీడలో, తర్వాత ఎండలో పెడుతూ అలవాటు చేయండి. రాత్రి 50 డిగ్రీల కన్నా తగ్గేట్టుంటే లోపలికి తెచ్చేయండి. చలి తగిలిన గోంగూర చావదు కానీ అలిగి కూర్చుంటుంది. జూన్ సగం దాకా ఇంచు కూడా పెరగదు.

నేలలో వేసేవాళ్ళు ముందు మట్టి సంగతి చూసుకోవాలి. ఇల్లు 1978 కన్నా ముందు కట్టిందయితే గోడల పక్క మట్టిలో పాత రంగుల నుంచి రాలిన సీసం ఉండే అవకాశం ఉంది. ఆ ఏడే ఇక్కడ ఇళ్ళకు సీసం రంగులు వేయడం నిషేధించారు. రట్గర్స్ యూనివర్సిటీ మట్టి పరీక్ష ల్యాబ్‌కు కొద్దిగా మట్టి పంపి, ఫీజు కడితే ఏముందో చెప్తారు. ఆకుకూర తినేవాళ్ళం కాబట్టి ఇది దండగ ఖర్చు అనుకోవద్దు. ఆ గొడవంతా ఎందుకనుకుంటే బకెట్లలో వేయండి. 5 గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్ అడుగున ఐదారు చిల్లులు పెట్టి, కుండీ మట్టిలో మూడో వంతు కంపోస్ట్ కలిపి నింపి, బకెట్‌కు ఒక్క మొక్క, మహా అయితే రెండు. రోజుకు ఆరు గంటల ఎండ తగిలే చోట పెట్టండి. నేలలో అయితే మొక్కకూ మొక్కకూ అడుగు దూరం చాలు. మనకు కావలసింది ఆకే కదా.

నలుగురున్న ఇంటికి ఎనిమిది మొక్కలు వేస్తే పచ్చడికీ, పప్పుకూ, చుట్టుపక్కల పంచిపెట్టడానికీ సరిపోతాయి.

వేసవి పని

మోకాలెత్తు రాకముందే, అడుగు ఎత్తున్నప్పుడే తలకొస తుంచేయండి. లేత మొక్కను తుంచాలంటే చెయ్యి రాదు కానీ, తుంచకపోతే కర్రలా ఆరడుగులు పెరిగి పైన నాలుగాకులు వేస్తుంది. తుంచితే పక్కకొమ్మలు పుట్టుకొస్తాయి. ఆ కొమ్మలు జానెడు పొడుగయ్యాక వాటి తలలూ తుంచండి. ఆ తుంచిన చిగుళ్ళే మీ మొదటి పప్పు.

జులైలో బకెట్లకు రోజూ నీళ్ళు పెట్టాలి. రెండు మూడు వారాలకోసారి గుప్పెడు కంపోస్ట్ వేస్తే చాలు. అంతకు మించి గారాబం అక్కర్లేని మొక్క. దీనికి ఉన్న ఒకే ఒక్క పెద్ద శత్రువు జపనీస్ బీటిల్. ఆకుపచ్చ తల, రాగిరంగు రెక్కలు, మెరుస్తూ చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. అమెరికాలో ఈ పురుగును మొట్టమొదట చూసింది మన న్యూజెర్సీలోనే, 1916లో రివర్‌టన్ దగ్గర ఒక నర్సరీలో. ఆ లెక్కన మనకన్నా అదే పాత కాపు. జూన్ ఆఖరుకు వచ్చి, గోంగూర లాంటి మందార కుటుంబం మొక్కల్ని వెతికి మరీ ఈనెలు మాత్రం మిగిల్చి ఆకంతా తినేస్తుంది. తెల్లవారుజామున చల్లదనానికి ఈ పురుగులు మందకొడిగా ఉంటాయి. అప్పుడు సబ్బునీళ్ళ డబ్బా ఆకు కింద పట్టి కొమ్మ తడితే టపటపా రాలిపడతాయి. షాపుల్లో అమ్మే బీటిల్ ట్రాప్ సంచులు కొనకండి. అవి పట్టేవాటి కన్నా మీ పెరట్లోకి పిలుచుకొచ్చేవే ఎక్కువ. బొరియల్లో ఉండే గ్రౌండ్‌హాగ్‌లూ, జింకలూ తిరిగే వైపైతే కంచె తప్పదు. డాబా మీద బకెట్లు పెట్టుకునేవాళ్ళకు ఈ బాధ కాస్త తక్కువ.

కోత ఎప్పుడూ ఉదయమే. కొమ్మ చివరి నుంచి జానెడు కత్తిరించండి, కింద నాలుగైదు ఆకులు వదలండి. ఆ ఆకుల చంకల్లోంచే కొత్త చిగుళ్ళు వస్తాయి. రెండు మూడు వారాల్లో అదే మొక్క మళ్ళీ కోతకొస్తుంది.

పచ్చడి

అసలు కథ ఇక్కడుంది. గోంగూర పచ్చడి చెడిపోతోందన్నా, రుచి రాలేదన్నా, నూటికి తొంభై పాళ్ళు తప్పు తడిదే. ఆకు తుంచి, మూడు నీళ్ళల్లో కడిగి, చిల్లుల గిన్నెలో వంచండి. తర్వాత పాత నూలు చీర మీదో, దుప్పటి మీదో పలచగా పరచి, ఫ్యాన్ కింద నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు, ఆకు పెళుసెక్కిపోతుంది. రెండు గంటలకోసారి చేత్తో తిరగేయండి. చేతికి చెమ్మ తగలకూడదు, ఆకు మాత్రం కొద్దిగా వడిలినా ఫర్వాలేదు. పొద్దున కోస్తే సాయంత్రానికి సిద్ధం. సలాడ్ తిప్పే యంత్రం ఉంటే మొదట అందులో ఓ రెండు సార్లు తిప్పండి, సగం పని అయిపోతుంది. అమ్మమ్మకు అలాంటిది ఉండుంటే ముచ్చటపడేది.

కాడలు తీసేశాక 250 గ్రాముల ఆకుకు, అంటే దాదాపు 9 ఔన్సులకు, నేను వేసే కొలతలు: ఎండుమిరపకాయలు 12, ధనియాలు ఒక పెద్ద చెంచా, జీలకర్ర ఒక చిన్న చెంచా, మెంతులు పావు చెంచా, వెల్లుల్లి రెబ్బలు 10, ఉప్పు ఒకటిన్నర చిన్న చెంచా, నూనె మొత్తం ఐదు పెద్ద చెంచాలు. పోపుకు ఆవాలు, మినప్పప్పు, ఇంగువ, రెండు ఎండుమిరపకాయలు, కరివేపాకు. ఎర్ర కాడ గోంగూరకు పులుపెక్కువ కాబట్టి ఇంకో రెండు మిరపకాయలు పడతాయి.

ఇండియన్ షాపు దూరమైతే ఇక్కడి మామూలు కిరాణా కొట్టుల్లో మెక్సికన్ సామాన్ల వరసలో చిలే దె అర్బోల్ అనే సన్నటి ఎండుమిరప దొరుకుతుంది. గుంటూరు కాయ కన్నా కాస్త కారం తక్కువ, రంగు బాగుంటుంది. మూడు నాలుగు కాయలు ఎక్కువ వేసుకోండి. నూనె విషయంలో మాత్రం జాగ్రత్త. పప్పునూనె, అంటే మన నువ్వుల నూనె కావాలని చైనా సామాన్ల వరసలో ఉండేది తీయకండి. అది వేయించిన నువ్వులతో తీసింది, ముదురు గోధుమరంగులో ఉంటుంది. ఆ వాసన ముందు గోంగూర చిత్తయిపోతుంది. లేత పసుపురంగులో ఉండే గానుగ నూనే మనది.

మందపాటి స్టీలు గిన్నె తీసుకోండి. ఇనుప మూకుడు, పూత లేని అల్యూమినియం గిన్నె వద్దు, గోంగూర పులుపు లోహాన్ని కొరుకుతుంది. పచ్చడికి ఆ రుచీ, నలుపూ ఎక్కుతాయి. ముందు ఒక చెంచా నూనెలో మెంతులు వేసి, అవి ఎర్రబడుతుండగా ధనియాలు, మిరపకాయలు, చివర్లో జీలకర్ర వేయండి. సన్నమంట మీదే. కాయిల్ స్టవ్ అయితే నాబ్ తిప్పినా వేడి వెంటనే తగ్గదు, గిన్నెనే పక్కకు జరపాలి. ఈ పని మొదలుపెట్టేముందే కిటికీ తెరవండి, లేదంటే మిరపకాయ ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్ముతుంటే స్మోక్ అలారం తోడు పాడుతుంది. చాలా ఇళ్ళలో స్టవ్ మీది ఎగ్జాస్ట్ గాలిని బయటికి పంపదు, వడకట్టి మళ్ళీ ఇంట్లోకే వదులుతుంది. దాన్ని నమ్ముకోవద్దు. చిరాకేసి అలారం బ్యాటరీ మాత్రం పీకకండి.

అవి తీసి చల్లార్చి, అదే గిన్నెలో రెండు చెంచాల నూనె పోసి ఆకు వేయండి. మూత పెట్టొద్దు, నీళ్ళు చుక్క కూడా వద్దు. మొదటి నిమిషంలోనే చూడండి: పచ్చగా నవనవలాడే ఆకు, వేడి తగిలిన చోటల్లా రంగు తిరిగి మట్టిరంగులోకి వస్తుంది. మాడిపోయిందని కంగారు పడొద్దు. ఆకులోని పులుపే ఆ పచ్చదనాన్ని విరిచేస్తుంది. గిన్నెడు ఆకు గుప్పెడు ముద్దవుతుంది, దాని నీరు అదే వదులుతుంది, చిటపట ఆగి బుడబుడ మొదలవుతుంది. అప్పుడు దించితే అది పప్పులోకి తప్ప పచ్చడికి పనికిరాదు. ఇంకా కలుపుతూ ఉండండి. కాసేపటికి బుడబుడ తగ్గి మళ్ళీ చిటపట వినిపిస్తుంది, ముద్ద గరిటెకు అంటుకోకుండా ఒకే ఉండగా తిరుగుతుంది, అంచున నూనె కనిపిస్తుంది. దించాల్సింది అప్పుడు.

నూరడానికి రోలుంటే రోలే. లేకపోతే మెక్సికో వాళ్ళ మోల్కహేతె వెతకండి. నల్లటి అగ్నిశిల రోలు, మూడు కాళ్ళుంటాయి. కొన్నాక గుప్పెడు గుప్పెడుగా పచ్చి బియ్యం వేసి, పిండిలో బూడిదరంగు పోయేదాకా నూరి పారేస్తే వాడకానికి సిద్ధం. మిక్సీ అయితే 110 వోల్టులదే కొనండి. ఊరి నుంచి మోసుకొచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇక్కడ సరిగ్గా తిరగదు, దానికోసం కొనే ట్రాన్స్‌ఫార్మర్ మిక్సీ అంత బరువుంటుంది. మొదట మిరపకాయలు, ధనియాలు, మెంతులు, జీలకర్ర, ఉప్పు కలిపి బరకగా పట్టండి. తర్వాత వెల్లుల్లి వేసి ఒక్క తిప్పు. చివర్న పూర్తిగా చల్లారిన గోంగూర వేసి, ఆపి ఆపి రెండు మూడు సార్లు తిప్పితే చాలు. ఆకు పీచు పంటికి తగలాలి. నున్నగా రుబ్బితే అది పచ్చడి కాదు, పేస్టు.

మిగిలిన నూనె కాచి పోపు పెట్టి కలపండి. ఆ రోజు కారం, ఉప్పు, పులుపు మూడూ దేనికవే వినిపిస్తాయి. మర్నాటికి కలిసిపోతాయి. పచ్చి ఉల్లిపాయ తరిగి కలపాలనుకుంటే తినే గిన్నెలోనే కలుపుకోండి, జాడీలో కాదు. ఉల్లి నీరు దిగితే పచ్చడి నిలవుండదు. పొడి సీసాలో పెట్టి, పైన నూనె తేలేట్టు చూసి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలు బెంగ లేదు. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి సంగతి నేను చెప్పాలా? కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు మాత్రం చూసుకుని తినండి, గోంగూరలో ఆక్సలేట్లు ఎక్కువ.

కరివేపాకు గురించి ఒక మాట

పోపు అన్నాక ఇది రాక తప్పదు. ఊరి నుంచి కరివేపాకు రెమ్మలు సామాన్లో తేకూడదు. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు బాగా దెబ్బతిన్నాయి, అందుకే ఈ కట్టడి. మొక్కను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపడం మీదా ఆంక్షలున్నాయి కాబట్టి న్యూజెర్సీకి పంపడానికి అనుమతి ఉన్న నర్సరీ దగ్గరే కొనండి. గోంగూరలా కాదు, దీన్ని బతికించుకోవాలి. రాత్రి 50 డిగ్రీలకు దిగగానే కుండీ లోపలికి తెచ్చి, నీళ్ళు బాగా తగ్గించండి. చలికాలంలో ఆకు రాలుస్తుంది. చచ్చిందనుకుని పారేయకండి, కాండం మీద గోటితో గీరి లోపల పచ్చగా ఉంటే ఏప్రిల్ దాకా ఓపిక పట్టండి.

అక్టోబరు

గోంగూర సెప్టెంబరులో మొగ్గ తొడిగినా, కాయ ముదిరి గింజ కట్టేలోపు మంచు వచ్చేస్తుంది. సొంత విత్తనం కావాలని పట్టుదల ఉంటే ఒక బకెట్‌ను విడిగా పెట్టి, జులై ఆఖరు నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి పెద్ద నల్ల డబ్బా బోర్లించి, పొద్దున ఏడింటికి తీయండి. పగలు పొట్టిదయిందని మొక్క నమ్మి ముందే పూస్తుంది. మొగ్గలు కనిపించేదాకా ఒక్క సాయంత్రం కూడా మరిచిపోకూడదు. అంత ఓపిక లేకపోతే వచ్చే ఏడు పొట్లం కొనుక్కోండి.

వాతావరణ వార్తల్లో మంచు హెచ్చరిక వచ్చిన రోజు, రాత్రి కాకముందే మొక్క మీద ఉన్న ఆకంతా దూసేయండి. మంచు పడ్డాక ఉడికించినట్టు నల్లబడిపోతుంది, దేనికీ పనికిరాదు. ఇంత ఆకు ఒకేసారి పచ్చడి చేయలేరు. కడిగి ఆరబెట్టి, పైన చెప్పినట్టే నూనెలో దగ్గరపడేదాకా మగ్గించి, ఉప్పు వేయకుండా చల్లార్చి, కప్పు కప్పుగా జిప్ సంచుల్లో పలచగా నొక్కి ఫ్రీజర్లో పెట్టండి. పలచగా ఉంటే కావలసినంత ముక్క విరుచుకోవచ్చు. జనవరిలో తీసి పచ్చడికి వాడితే కరిగాక మళ్ళీ ఒకసారి నూనెలో చెమ్మ పోయేదాకా వేయించాలి. పప్పుకైతే అలాగే వేసేయొచ్చు. కాకపోతే కందిపప్పు పూర్తిగా మెత్తబడ్డాకే గోంగూర కలపండి. ముందే కుక్కర్లో కలిపి పెడితే పులుపుకు పప్పు ఉడకదు, ఎన్ని విజిల్స్ వచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటుంది.